దిగిన అంతస్తు

చిన్నాసుపత్రి, డ్యూటీ గది
అయిదో తేదీ, బుధవారం

బాబాయికి,

నేను ఇక్కడ చేరి పది రోజులైంది. ఎనిమిది మంచాలు, ఒక పెద్ద సిస్టరు, ఒక ఆక్సిజన్ సిలిండరు, దాన్ని తిప్పడానికి ఒక స్పానరు. స్పానరు ఎక్కడుంటుందో పెద్ద సిస్టరుకు మాత్రమే తెలుసు. ఎక్స్‌రే యంత్రం కూడా ఉంది. దాన్ని నడిపే ఆయన వారానికి రెండు రోజులు వస్తాడు. ఆయన వచ్చిన రోజుల్లో కరెంటు రాదు. వాళ్ళిద్దరికీ ఎక్కడో చెడిందని ఇక్కడ అనుకుంటారు.

తోడు డాక్టరు లేరు. ఊపిరందక వచ్చేవాళ్ళు, కడుపు పట్టుకుని వచ్చేవాళ్ళు, ఈ రెండు రకాలే ఎక్కువ. ఎవరిని ఇక్కడ ఉంచుకోవాలో, ఎవరిని మూడు గంటల దూరంలో ఉన్న మీ పెద్దాసుపత్రికి పంపాలో గుమ్మం దగ్గరే తేల్చుకోవాలి. కాలేజీలో రిపోర్టు వచ్చాక ఆలోచించడం నేర్పారు. ఇక్కడ రిపోర్టు రాదు.

చిన్నప్పుడు బడి వదిలాక నీ లిఫ్టులో నీ స్టూలు పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని గుర్తుందా. స్ట్రెచరు ఎక్కగానే నువ్వు నా వైపు వంగి "మూడు" అనేవాడివి. ఆ మనిషి మూడో అంతస్తులోనే దిగేవాడు. నువ్వు గారడీ చేస్తున్నావనుకునేదాన్ని. ఆ గారడీ ఏమిటో రాసి పంపు.

ఫోన్ చేద్దామంటే నువ్వు "ఊఁ" తప్ప ఇంకో మాట అనవు. మందుల వ్యాను మంగళ, శుక్రవారాలు అక్కణ్ణించి బయలుదేరి సాయంత్రానికి ఇక్కడికి వస్తుంది. మర్నాడు పొద్దున తిరిగి అక్కడికి. డ్రైవరు గారు మంచాయన. కవరు ఆయన జేబులో పెడితే చాలు.

నీ చిట్టి

*

పెద్దాసుపత్రి, లిఫ్టు
ఏడో తేదీ, శుక్రవారం

చిట్టికి,

లిఫ్టు నడుస్తోంది. నేనూ నడుస్తున్నాను.

గారడీ ఏమీ లేదు. నా పుస్తకం నువ్వు చూసిందే. నాలుగు గడులు. ఎక్కిన అంతస్తు, చూసింది, నా ఊహ, దిగిన అంతస్తు. చివరి గడి జవాబు. రెండులో దిగితే ఊపిరి వార్డు. మూడులో దిగితే ఆపరేషను. కింద దిగితే ఇంటికి. నేలకింద శవాల గది సంగతి నీకు తెలుసు. చివరి గడి నింపకుండా ఏ రోజూ పుస్తకం మూయలేదు. పోయిన ఏడాది నా ఊహల్లో నాలుగు వందల పన్నెండు ఒప్పు, అరవై ఒకటి తప్పు. కాబట్టి జాగ్రత్తగా చదువు.

కడుపు. పొర్లేవాడు, పడుకోలేక లేచేవాడు, గోడ గుద్దేవాడు చాలావరకు కిడ్నీలో రాయి. వాళ్ళు అరుస్తారు, అందరూ వాళ్ళ చుట్టూ చేరతారు. కదలకుండా పైకప్పు చూస్తూ పడుకున్నవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. అతనిది మూడో అంతస్తు. మన లిఫ్టు గడప దగ్గర అరంగుళం ఎత్తు తేడా ఉంది. స్ట్రెచరు చక్రం దాని మీద ఎగిరినప్పుడు నేను ముఖం చూస్తాను. పళ్ళు బిగిస్తే లోపల ఏదో పగిలింది. ఆ అరంగుళం చాలామందిని పట్టిచ్చింది. మీ దగ్గర గడప లేకపోతే మంచం కాలికి చిన్నగా తగిలించి చూడు, పొరపాటున తగిలినట్టు.

ముసలివాళ్ళ కడుపు గట్టిగా మాట్లాడదు. పైకడుపు నొప్పి అని చెప్పి చెమటలు పట్టేవాడికి ముందు గుండె చూపించు.

ఊపిరి. పేరు అడుగు, ఏం పనిచేస్తావని అడుగు, వెంట వచ్చింది ఎవరని అడుగు. మూడూ ఒక ఊపిరిలో చెబితే నేను దారిలో మామూలుగా ఆగుతాను. మాటకో ఊపిరి తీస్తే ఎక్కడా ఆగను. జవాబు చెప్పకుండా చెయ్యి ఊపితే లోపలున్న మిగతావాళ్ళను కూడా దింపేస్తాను. ఒకసారి సూపరింటెండెంటు గారిని దింపేశాను.

నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టు. నాకు కింద నుంచి మూడుకు నలభై సెకన్లు పడుతుంది. నీకు నిమిషం మొత్తం ఉంది.

నేను డాక్టర్ని కాను. ఇది గుర్తుపెట్టుకో.

బాబాయి

*

చిన్నాసుపత్రి, డ్యూటీ గది
పంతొమ్మిదో తేదీ, బుధవారం

బాబాయికి,

నీ అరంగుళం పనిచేసింది. పోయిన వారం ఇద్దరిని పంపాను, ఇద్దరూ మూడులోనే దిగి ఉండాలి. పెద్ద సిస్టరు మాత్రం, "ఏంటమ్మా, వచ్చిన ప్రతివాళ్ళ మంచాన్నీ తన్నుతున్నారు" అని అడిగింది.

ఇక అసలు సంగతి. నిన్న పొద్దున ఒక దర్జీ వచ్చాడు. ఉబ్బసం. పిల్లికూతలు గేటు దగ్గరికే వినపడుతున్నాయి. మాటకో ఊపిరి. ఆక్సిజన్ పెట్టాను, మందు ఆవిరి పట్టించాను, ఇంజెక్షను ఇచ్చాను. అరగంటకు పిల్లికూతలు ఆగిపోయాయి. అతని భార్య నా చెయ్యి పట్టుకుని, "తగ్గిందమ్మా, నాలుగు రోజులుగా కన్ను మూయలేదు, ఇప్పుడు కునుకు పడుతోంది" అంది. నేను కేసు షీటులో "తగ్గింది" అని రాశాను. సంతకం కూడా పెట్టాను. పక్క గదిలో ఒకరికి చెయ్యి తెగితే కుట్లు వేయడానికి వెళ్ళాను.

మూడో కుట్టు దగ్గర పెద్ద సిస్టరు తలుపులోంచి తొంగి చూసి, "డాక్టరమ్మా, ఆ మనిషి మరీ బుద్ధిమంతుడైపోయాడు" అంది. వెళ్ళి చూస్తే పెదాలు నీలం. స్టెతస్కోపు పెడితే రెండు వైపులా ఏమీ లేదు. పిల్లికూతకు కూడా గాలి కావాలి బాబాయ్. లోపలికి గాలే పోవడం లేదు, కూత ఎక్కణ్ణించి వస్తుంది. గొంతులోకి గొట్టం వేశాను. గాలి సంచీ నొక్కుతూ నేనూ సిస్టరూ వంతులు వేసుకున్నాం. గంట తరవాత ఛాతీలో మళ్ళీ కూత మొదలైంది. పిల్లికూత విని ఎవరైనా ఏడుస్తారా, మేమిద్దరం ఏడ్చాం. అంబులెన్సులో మీకు పంపాను.

కేసు షీటులో ఆ మాట కొట్టేశాను. కొట్టేసినా కింద కనపడుతోంది. ఈ ఉద్యోగం నాకు తగదేమో అనిపిస్తోంది. రాజీనామా కాగితం రాసి సొరుగులో పెట్టాను. ఇంకా ఇవ్వలేదు.

చిట్టి

*

పెద్దాసుపత్రి, లిఫ్టు
ఇరవై ఒకటో తేదీ, శుక్రవారం

చిట్టికి,

లిఫ్టు నడుస్తోంది. నేనూ నడుస్తున్నాను.

మీ దర్జీ మంగళవారం మధ్యాహ్నం ఎక్కాడు. నోట్లో గొట్టం ఉంది కాబట్టి పేరు అడగలేదు. రెండులో దిగాడు. ఈరోజు ఎక్స్‌రే కోసం కిందికి తెచ్చినప్పుడు గొట్టం తీసేసి ఉంది. పేరు, పని, భార్య, మూడూ ఒకే ఊపిరిలో చెప్పాడు. నాలుగోది నేను అడగకుండానే చెప్పాడు. నా చొక్కా భుజాలు లూజుగా ఉన్నాయట.

రాజీనామా గురించి నేను చెప్పేదేమీ లేదు. పుస్తకం మొదటి పేజీ మాత్రం చెబుతాను. నీకు ఎప్పుడూ చూపించలేదు. చిన్నప్పుడు నువ్వు అడిగితే అట్టకు అంటుకుపోయిందన్నాను. నేనే అంటించాను.

ఎక్కింది రెండు. చూసింది, కడుపునొప్పి పొద్దున విపరీతం, ఇప్పుడు తగ్గింది, నవ్వుతున్నాడు. నా ఊహ, నయమైంది. దిగింది కింద.

అది మీ నాన్న. డాక్టరు మర్నాడు మళ్ళీ రమ్మన్నాడు. "తగ్గిందిరా, పద, టీ తాగుదాం" అన్నాడు అన్నయ్య. తాగాం. కడుపులో పుండు పగిలితే మొదట నొప్పి పెట్టి, తరవాత కొన్ని గంటలు హాయిగా ఉంటుందని నాకు మర్నాడు తెలిసింది. మర్నాడు అదే లిఫ్టులో అన్నయ్య దిగిన అంతస్తు రాయలేదు, రాయనక్కరలేదు. నీకు అప్పుడు నాలుగేళ్ళు. పుస్తకం ఆ రోజు మొదలుపెట్టాను.

తరవాత నాకు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. తగ్గింది అనే మాట వినపడితే మూడు అడగాలి. ఎవరు చెప్పారు. ఏది తగ్గింది. ఎందుకు తగ్గింది. ఎందుకో తెలియకపోతే తగ్గలేదు.

సొరుగులో కాగితం అక్కడే ఉండనీ. కాగితాలకు సొరుగు మంచి చోటు.

బాబాయి

*

చిన్నాసుపత్రి, డ్యూటీ గది
మూడో తేదీ, బుధవారం

బాబాయికి,

మొదటి పేజీ చదివాను. పది రోజులుగా జవాబు రాయాలని కూర్చుంటున్నాను, ఎవరో ఒకరు ఊపిరందక వస్తున్నారు. అది ఉత్తరంలో మాట్లాడుకునే సంగతి కాదు. రెండు రోజులు సెలవు పెట్టి రా. నువ్వు మాట్లాడవని తెలుసు, నేను మాట్లాడతాను.

మూడు ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను. పెద్ద సిస్టరు వచ్చినవాళ్ళందరినీ అవే అడుగుతోంది. నిన్న కరెంటు వచ్చి పోతే, "ఎవరు చెప్పారు, ఎందుకు పోయింది" అని ఎక్స్‌రే ఆయన్ని కూడా అడిగింది.

మా ఆసుపత్రికి అంతస్తుల్లేవు. వరసగా నాలుగు గదులు, అంతే. నీకు విశ్రాంతిగా ఉంటుంది.

రాజీనామా కాగితం వెనకవైపు మందుల పట్టిక రాసుకున్నాను.

చిట్టి

*

పెద్దాసుపత్రి, లిఫ్టు
పదహారో తేదీ, మంగళవారం

చిట్టికి,

లిఫ్టు నడుస్తోంది.

రమ్మన్నావు. సెలవు కుదరదు. రెండుకూ మూడుకూ మధ్య తలుపు పట్టేస్తుంది. కటకటాల తలుపు వేలెడు పైకెత్తి, ఎడమ మూల కింద మోకాలితో నెట్టాలి. ఆ మోకాలు ఇంకెవరికీ తెలియదు. మూడులో ఆపరేషన్లు కదా.

ఒకాయన సంగతి రాస్తున్నాను. నిన్న పొద్దున ఏడింటికి బొడ్డు చుట్టూ నొప్పి. తినబుద్ధి కాలేదు. ఒక వాంతి. మధ్యాహ్నానికి నొప్పి బొడ్డు వదిలి కుడివైపు కిందికి జరిగింది. నడిస్తే కుడికాలు పూర్తిగా చాపడు. దగ్గితే అక్కడే పొడుస్తోంది, అందుకని దగ్గడం మానేశాడు. ఊపిరి ఇరవై రెండు.

ఈరోజు పదకొండు నలభైకి నొప్పి ఒక్కసారిగా తగ్గింది, తాడు తెగినట్టు. ఇప్పుడు పన్నెండున్నర. ఊపిరి ఇరవై ఆరు. హాయిగానే ఉంది.

పుస్తకంలో రాసింది. ఎక్కింది కింద. నా ఊహ, వాయువు.

నీకేమనిపిస్తుందో తీరిగ్గా రాయి. తొందరలేదు.

బాబాయి

*

చిన్నాసుపత్రి, డ్యూటీ గది
పదిహేడో తేదీ, బుధవారం

బాబాయికి,

తీరిగ్గా రాయమన్నావు. ఇప్పుడు తీరిక దొరికింది. ఈ ఉత్తరం అమ్మ నీకు చదివి వినిపిస్తుంది. కుట్లు నొప్పి పుడతాయి కాబట్టి నవ్వొద్దు. నవ్వించేది ఇందులో పెద్దగా లేదులే.

నిన్న సాయంత్రం నాలుగున్నరకు వ్యాను వచ్చింది. డ్రైవరు గారు కవరు ఇస్తూ, "మీ బాబాయి ఎప్పుడూ వ్యాను దాకా వచ్చి నా జేబులో పెడతారమ్మా, ఇవాళ లిఫ్టులోంచి చెయ్యి చాపారు" అన్నాడు. ఆయన నొచ్చుకున్నట్టున్నాడు.

ఉత్తరం ఒకసారి చదివాను. అపెండిక్స్ అనుకున్నాను. పదకొండు నలభై దగ్గర పగిలిందనుకున్నాను. ఆ ఒకాయన ఎవరో పాపం, ఈయన ఎందుకు ఇంకా ఊరుకున్నాడు అనుకుంటూ ఇంకోసారి చదివాను. ఎక్కింది కింద అని ఉంది. దిగింది ఎక్కడో లేదు. ఇరవయ్యారేళ్ళుగా చివరి గడి నింపకుండా పుస్తకం మూయనివాడివి. నీ లిఫ్టు ఎక్కి దిగకుండా ఉండేది ఒక్కడే కదా బాబాయ్. అప్పుడు మొదటి లైను చూశాను. లిఫ్టు నడుస్తోంది, అంతే.

ఫోన్ చేశాను. మీ ఫోన్ల ఆవిడ ఎత్తింది.

"లిఫ్టాయనా? బాగానే ఉన్నారమ్మా. ఇందాకే పైకి వచ్చాను, ఒక్క మాట కూడా మాట్లాడలేదు."

"ఆయన ఎప్పుడూ మాట్లాడరు. సర్జను గారిని పిలవండి."

పెద్ద సర్జను గారు నన్ను చదువుకునే రోజుల నుంచీ ఎరుగుదురు. కేసు మొత్తం చెప్పాను. "మంచిది, పంపించు. పేషెంటు ఎంత దూరంలో ఉన్నాడు?" అన్నారు.

"మీ లిఫ్టులో ఉన్నాడు సార్."

"మన లిఫ్టాయనా? పొద్దుట్నించి నాలుగుసార్లు ఎక్కి దిగానమ్మా. శుభ్రంగా నిలబడి ఉన్నాడు."

"ఇరవయ్యారేళ్ళుగా ఆయన స్టూలు మీద కూర్చునే నడుపుతాడు సార్."

అటువైపు కుర్చీ వెనక్కి జరిగింది. "తగ్గింది అంటాడు, నమ్మకండి. ఎవరు చెప్పారు, ఏది తగ్గింది, ఎందుకు తగ్గింది అని అడగండి" అన్నాను. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, చెప్పుల చప్పుడు. ఫోను పెట్టేయడం ఆయన మరిచిపోయారు. రెండు గంటలు మీ ఆసుపత్రి గోడ గడియారం విన్నాను. పెట్టేయడానికి నాకూ చెయ్యి రాలేదు.

తరవాత ఆయనే వచ్చి, "ఉన్నావా? పగిలింది. కడుగుతున్నప్పుడు గిన్నెడు చీము వచ్చింది. ఉదయం దాకా ఆగి ఉంటే నువ్వు నాకు ఫోన్ చేయాల్సిన పని ఉండేది కాదు" అన్నారు.

నాన్న పేజీ చదివించి, నాకు మూడు ప్రశ్నలు నేర్పించి, నువ్వు వాయువు అని రాసుకున్నావు. ఒకాయన అట. నిన్న నాకు కోపం ఎంత వచ్చిందంటే, పెద్ద సిస్టరు స్పానరు నా చేతికిచ్చి సిలిండరు తిప్పమంది. తిప్పాను.

గట్టిగా ఊపిరి తీయి. దగ్గు. కుట్ల మీద దిండు అదిమి పట్టుకుని దగ్గు. నొప్పని దగ్గకుండా పడుకుంటే ఊపిరితిత్తులు మూసుకుపోతాయి, అప్పుడు నిన్ను మూడు నుంచి రెండుకు దింపాల్సి వస్తుంది.

చిట్టి

*

పెద్దాసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
ముప్పయ్యో తేదీ, మంగళవారం

చిట్టికి,

నేను నడుస్తున్నాను. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు, పొద్దున అయిదుసార్లు, సాయంత్రం అయిదుసార్లు. మూడు బంతుల గొట్టం ఇచ్చి ఊపిరి పీల్చమన్నారు. మొన్నటిదాకా రెండు బంతులు లేచేవి. నిన్న మూడోది లేచింది. ఊపిరి పదహారు.

ఆ రోజు జరిగింది రాస్తాను. నీ దగ్గర సగం ఉంది, నా దగ్గర సగం ఉంది.

సర్జను గారు మెట్ల మీదుగా పరుగెత్తి వచ్చారు. ఆయన పరుగెత్తడం నేను చూడలేదు. "ఎలా ఉంది?" అన్నారు. తగ్గిందండి అన్నాను. "ఎవరు చెప్పారు?" అన్నారు. నేనే అన్నాను. "ఏది తగ్గింది?" అన్నారు. నొప్పి అన్నాను. "ఎందుకు తగ్గింది?" అన్నారు. అవి ఎక్కడి ప్రశ్నలో తెలిసింది. ఆయన కడుపు మీద చెయ్యి పెట్టారు. చెక్కలా ఉందన్నారు.

స్ట్రెచరు మీద పడుకోబెట్టి లిఫ్టులోకి తోశారు. అరంగుళం వచ్చింది. పళ్ళు బిగించాను. ఎవరూ నా ముఖం చూడలేదు, చూసేవాణ్ణి నేనే కదా.

రెండు దాటాక తలుపు పట్టేసి ఆగింది. స్ట్రెచరు తోసే ఆయన కటకటాల తలుపు ఊపాడు. వేలెడు పైకెత్తు అన్నాను. జానెడు ఎత్తాడు. మోకాలు అన్నాను. కుడిమూల నెట్టాడు. "ఎడమ" అని లేవబోయాను. "పడుకో" అని సర్జను గారు నన్ను ఒక చేత్తో అదిమి, తనే వంగి ఎడమ మూల మోకాలితో నెట్టారు. రెండోసారికి కదిలింది. ఆయన తెల్ల ప్యాంటు మోకాలికి గ్రీజు అంటింది. "ఇరవయ్యారేళ్ళుగా ఇదా నీ రహస్యం" అన్నారు. ఆ తరవాత మత్తు ఇచ్చారు.

వదిన రోజూ వచ్చి కూర్చుంటోంది. "ఊళ్ళోవాళ్ళ కడుపులన్నీ చూశావు, నీ కడుపే కనపడలేదా మహానుభావా" అంటుంది. పక్క మంచాలవాళ్ళకు కూడా చెబుతోంది. మొదటి పేజీ ఆవిడా చదివింది. "ఆ రోజు టీలో ఆయన చక్కెర వేసుకున్నాడా?" అని అడిగింది. రెండు చెంచాలు అన్నాను. "నేను చూడకపోతే అంతే" అంది. ఫ్లాస్కు మూత బిగించి వెళ్ళిపోయింది. మర్నాడు మామూలుగానే వచ్చింది.

ఒకాయన అట అని దెప్పావు. నొప్పి పక్కన నేను అని రాయడం అలవాటు లేదు. చేత్తో రాయబోతే ఒకాయన అని వచ్చింది. కానీ నీకు పంపాను. ఎవరికీ తెలియకుండా ఉండాలనుకుంటే నీకెందుకు పంపుతాను. ఇది మంచం మీద పడుకుని ఆలోచించాక తెలిసింది. అప్పుడు తెలియదు.

ఇంకో సంగతి. నేను లేని వారం రోజులు సూపరింటెండెంటు గారు మూడుకు మెట్లెక్కారు. ఎనిమిదో రోజు మెకానిక్కును పిలిపించారు. అతను ఎడమ మూల రెండు బోల్టులు మార్చాడు. పావుగంట పని. ఇప్పుడు తలుపు పట్టేయడం లేదు. మొన్న వెళ్ళి చూశాను. ఎవరు నొక్కినా పోతోంది. గడప కూడా సరిచేస్తామన్నారు. అదొక్కటి వద్దని సర్జను గారికి చెప్పాను. కారణం చెప్పాను. ఆయన అరంగుళం అలాగే ఉంచమని కాగితం మీద రాసి సంతకం పెట్టారు.

కాబట్టి సెలవు దొరికింది. శుక్రవారం వ్యానులో వస్తున్నాను. డ్రైవరు గారు ముందు సీటు ఇస్తానన్నాడు, కవరు చేతికిచ్చినందుకు కోపం పోయింది.

పుస్తకం తెస్తున్నాను. మొదటి పేజీ అంటు విప్పాను, ఒక మూల చిరిగింది. నువ్వు మాట్లాడతానన్నావు. నేను వింటాను. ఊఁ కాకుండా ఇంకేమైనా అనడానికి కూడా ప్రయత్నిస్తాను.

నా వరస పూర్తిచేశాను. ఎక్కింది కింద. నా ఊహ, వాయువు, తప్పు. దిగింది మూడు. ఈ ఏడాది తప్పుల్లో ఇది ముప్పై నాలుగోది. ఊహ నీది రాసి పక్కన ఒప్పు పెట్టాను. ఆ పుస్తకంలో నా చేతిరాతలో ఇంకొకరి ఊహ ఇదొక్కటే.

బాబాయి